ఇంకా రాని కుర్రవాళ్ల కోసం

జూలై రెండో వారం దాటిందంటే మిషిగన్‌లో బేస్‌బాల్ మాటల తీరే మారిపోతుంది. అప్పటిదాకా నిన్నటి ఆట గురించి, ఆఖరి ఇన్నింగ్స్‌లో చేజారిన బంతి గురించి వాదించుకున్నవాళ్లు ఉన్నట్టుండి డెట్రాయిట్ మైదానంలో ఇంకా అడుగైనా పెట్టని పిల్లల గురించి మాట్లాడటం మొదలుపెడతారు. పంతొమ్మిదేళ్లవాడొకడు, ఇరవయ్యేళ్లవాడొకడు. ఒకడు పెన్సిల్వేనియాలోని ఈరీలో ఆడుతుంటాడు, ఇంకొకడు గ్రాండ్ రాపిడ్స్ పక్కన ఓ చిన్న స్టేడియంలో. వాళ్ల పేర్లు మంగలి షాపులో వినిపిస్తాయి, ఆఫీసు క్యాంటీన్‌లో వినిపిస్తాయి. మా తెలుగువాళ్ల పాట్‌లక్ భోజనాల దగ్గర పులిహోర వడ్డించుకుంటూ కూడా వినిపిస్తాయి. "వాణ్ని ఇచ్చేస్తారా? ఇస్తే ఎవర్ని తెస్తారు?" నెలాఖరు దాకా ఇదే మాట.

బేస్‌బాల్ పరిచయం లేనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మేజర్ లీగులో 30 జట్లు. ఒక్కో జట్టు మార్చి చివర మొదలుపెట్టి సెప్టెంబర్ చివరిదాకా 162 ఆటలు ఆడుతుంది. జూలై నెలాఖరుకు అందులో మూడింట రెండు వంతులు అయిపోతాయి. సాధారణంగా ఆ నెలాఖరు సాయంత్రంతో జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడికి తలుపు మూసేస్తారు. అదే ట్రేడ్ డెడ్‌లైన్. ఒకప్పుడు ఆగస్టు నెలాఖరు వరకూ ఇంకో దారి తెరిచి ఉండేది. 2019 నుంచి అదీ లేదు. కాబట్టి అక్టోబర్ పోటీలకు వెళ్లగలమనుకున్న జట్టు ఆ సాయంత్రంలోపే తనకు లేనిదేదో తెచ్చుకోవాలి. వెళ్లలేమని తేలిపోయిన జట్టు తన దగ్గరున్న పెద్ద ఆటగాణ్ని ఇచ్చి రేపటి కోసం పిల్లల్ని తీసుకోవాలి.

ఆ పిల్లలకు అంత విలువ ఎందుకంటే, పెద్ద లీగుకు వచ్చిన కుర్రవాడు ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆ జట్టుకే చెందుతాడు. మొదటి మూడేళ్లూ దాదాపు కనీస వేతనంతోనే ఆడతాడు. 2025లో ఆ కనీసం 7,60,000 డాలర్లు. అదే ఆటను బయట మార్కెట్లో కొనాలంటే ఏడాదికి రెండు మూడు కోట్ల డాలర్లు పెట్టాలి. మరోవైపు ఆ కుర్రవాడికి బదులుగా వచ్చే పెద్ద ఆటగాడు చాలాసార్లు రెండు నెలల చుట్టమే. సీజన్ అయ్యాక ఒప్పందం ముగిసి ఎటైనా వెళ్లిపోవచ్చు. ఆరేళ్లు ఇచ్చి రెండు నెలలు తీసుకోవడమన్నమాట. కాగితం మీద చూస్తే ఏ లెక్కల మాస్టారూ ఒప్పుకోడు.

ఆటను కాగితం మీద ఆడరు కాబట్టే ఇన్ని వాదనలు. మా ఇంట్లో అవి రాత్రి భోజనాల తర్వాత మొదలవుతాయి. గుంటూరు నుంచి వచ్చి కాంటన్‌లో స్థిరపడ్డ ఒక తమ్ముడు ఉన్నాడు, ఫోన్ చేస్తాడు. "అన్నయ్యా, సియాటిల్ వాళ్లు బ్యాటర్‌ని తెచ్చుకున్నారట, మనవాళ్లు ఇంకా కూర్చునే ఉన్నారు" అని మొదలుపెడతాడు. పక్కనుంచి మా అబ్బాయి అందుకుంటాడు. "నాన్నా, బాబాయికి చెప్పు. మెక్‌గానిగల్‌ని మాత్రం ముట్టుకోకూడదు." వాడికి ఆ డెట్రాయిట్ టైగర్స్ కుర్రవాడి చరిత్రంతా కంఠతా వచ్చు. బేస్‌బాల్‌లో ఆటగాడి కొలతకు ఓ స్కేలు ఉంది. 20 నుంచి 80 వరకు వేస్తారు, 50 అంటే పెద్ద లీగు సగటు. బ్యాటుకు ఒక అంకె, బలానికి ఒకటి, పరుగుకు, ఫీల్డింగ్‌కు, విసిరే చేతికి ఒక్కొక్కటి. పదిహేడేళ్ల పిల్లాడికి కూడా ఈ ఐదు అంకెలూ వేసి పెడతారు. మా అమ్మ ఓసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఈ గోలంతా విని, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమా" అంది. ఆ సామెతకు జవాబు చెప్పాలనే చాలాకాలంగా ఉంది. ఇంకా రాని మనిషి మీద ఇంత ఆశ పెట్టుకోవడం, ఆ ఆశను ఎప్పుడు ఖర్చుపెట్టాలో కూర్చుని వాదించుకోవడం చిన్న విషయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

డెట్రాయిట్‌లో ట్రేడ్ మాట ఎక్కడ మొదలైనా 1987కి వెళ్లి తీరుతుంది. ఆ ఆగస్టు 12న టైగర్స్ జట్టు అట్లాంటా బ్రేవ్స్ నుంచి డాయిల్ అలెగ్జాండర్ అనే పిచ్చర్‌ని, అంటే బంతి విసిరేవాణ్ని, తెచ్చుకుంది. ఆయన వయసు 36. బదులుగా జాన్ స్మోల్ట్జ్ అనే ఇరవయ్యేళ్ల కుర్రవాణ్ని పంపింది. స్మోల్ట్జ్ బయటివాడు కాదు. లాన్సింగ్‌లో పెరిగినవాడు, చిన్నప్పటి నుంచి టైగర్స్ అభిమాని. ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. అట్లాంటాలో అతను 1996లో మేటి పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు తెచ్చుకున్నాడు. మొత్తం కెరీర్‌లో 213 విజయాలు, 154 సేవ్‌లు (ఆఖర్లో వచ్చి ఆధిక్యాన్ని కాపాడిన ఆటలు). ఒక పిచ్చర్ 200 విజయాలూ 150 సేవ్‌లూ రెండూ సాధించడం చరిత్రలో ఆ ఒక్కసారే. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. ఇక బుద్ధిలేని ట్రేడ్ అనగానే పత్రికలవాళ్లు ఇదే ముందు రాస్తారు. దీని పక్కన 1990 నాటి బోస్టన్ ట్రేడ్ రాస్తారు. ఇరవై రెండు ఇన్నింగ్స్ వేసి వెళ్లిపోయిన లారీ ఆండర్సన్ కోసం, బోస్టన్‌లోనే పుట్టిన జెఫ్ బాగ్‌వెల్‌ను హ్యూస్టన్‌కు పంపేశారు. బాగ్‌వెల్ అక్కడ 449 హోమ్ రన్లు కొట్టాడు.

నేను ఆ పాటకు వంత పాడను. 1987 ట్రేడ్ సరైనదే.

ఆ ఆగస్టు 12న ఏం తెలుసో చూడండి. స్మోల్ట్జ్ అప్పుడు గ్లెన్స్ ఫాల్స్‌లో రెండో శ్రేణి జట్టులో ఉన్నాడు. 4 గెలిచాడు, 10 ఓడాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున అయిదున్నరకు పైగా పరుగులిస్తున్నాడు. డ్రాఫ్ట్‌లో ఇరవై రెండో రౌండ్‌లో వచ్చినవాడు. చేతిలో బలం ఉందని తెలుసు, అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు. ఇటు చూస్తే టైగర్స్‌కు టొరంటోతో నువ్వా నేనా అన్నట్టుగా ఉంది, నికరంగా బంతి వేసేవాడు ఒకడు కావాలి. అలెగ్జాండర్ వచ్చి 11 ఆటలు మొదలుపెట్టి 9 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. సగటు 1.53. ఆఖరి వారాంతంలో టొరంటో ఒక ఆట ముందంజతో డెట్రాయిట్‌కు వచ్చింది. మూడు ఆటలూ టైగర్సే గెలిచారు. మొదటి రోజు గెలిచిన పిచ్చర్ అలెగ్జాండరే. అక్టోబర్ 4 ఆదివారం ఫ్రాంక్ టనానా ఒక్క పరుగూ ఇవ్వకుండా 1-0తో ముగించాడు. డెట్రాయిట్ 98 విజయాలు, టొరంటో 96. రెండే ఆటల తేడా. అలెగ్జాండర్ లేకపోతే ఆ తేడా ఎటు ఉండేదో ఎవరైనా చెప్పగలరు.

మాతో పనిచేసి రిటైరైన ఓ పెద్దాయన ఆ ఆదివారం గురించి చెబుతుంటే నేను విన్నాను. ఇంటి గ్యారేజీలో కారు కింద పడుకుని రేడియోలో ఎర్నీ హార్వెల్ కామెంటరీ వింటున్నాడట. ఆట చివరికి వచ్చేసరికి పాన బిగించడం మానేసి, అక్కడే సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడట. తర్వాతి పోటీలో మిన్నెసోటా చేతిలో టైగర్స్ చిత్తుగా ఓడిపోయారు, అలెగ్జాండర్ రెండు ఆటలూ పోగొట్టాడు. అదీ ఆయనకు గుర్తుంది. "స్మోల్ట్జ్ పోయాడని నాకూ బాధే. కానీ ఆ ఆదివారాన్ని నేను తిరిగి ఇవ్వను" అన్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన అంకెలతో ఆయన ఆదివారాన్ని కొట్టేసే హక్కు ఎవరికుంది?

మన రైతు ఇళ్లలో విత్తనాల గింజలకు వేరే గాదె ఉంటుంది. ఎంత కష్టమొచ్చినా దాని జోలికి వెళ్లకూడదంటారు. అయితే తొలకరి పడి దుక్కి సిద్ధంగా ఉన్న రోజున కూడా ఆ గాదె తెరవనివాణ్ని ఎవరూ జాగ్రత్తపరుడు అనరు. ఆ గింజలు పురుగు పట్టిపోతాయి. ఆటలో కుర్రవాళ్లూ అంతే. వాళ్లను దాచుకున్నకొద్దీ విలువ పెరుగుతుందనుకోవడానికి లేదు. మోచేయి నరం తెగుతుంది, భుజం పడిపోతుంది, వంపు తిరిగే బంతిని ఆడలేకపోతున్నాడని పై మెట్టు ఎక్కాక తేలుతుంది. ఎక్కువమంది అసలు పెద్ద లీగుకు చేరనే చేరరు.

2017 ఆగస్టు 31 అర్ధరాత్రి గడువుకు క్షణాల ముందు టైగర్స్ తమ మహా పిచ్చర్ జస్టిన్ వెర్లాండర్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చారు. పదమూడు సీజన్లు ఇక్కడ ఆడినవాడు. 2011లో సై యంగ్, ఎంవీపీ రెండూ ఇక్కడే గెలిచినవాడు. ఆ ఏడాదే హ్యూస్టన్ మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. బదులుగా ముగ్గురు కుర్రవాళ్లు వచ్చారు. అందరి కళ్లూ ఫ్రాంక్లిన్ పెరెస్ మీదే. పంతొమ్మిదేళ్ల వెనిజువెలా పిచ్చర్, జాబితాలన్నింటిలో ఉన్నవాడు. గాయం మీద గాయం. డెట్రాయిట్ చొక్కాలో పెద్ద లీగులో ఒక్క బంతి కూడా వేయలేకపోయాడు. ఆ ముగ్గురిలో చివరగా చెప్పుకున్న పేరు జేక్ రోజర్స్. క్యాచర్, బ్యాటు బలహీనం అన్నారు. 2024 అక్టోబర్‌లో టైగర్స్ హ్యూస్టన్‌కు వెళ్లి అదే ఆస్ట్రోస్‌ను ఇంటికి పంపినప్పుడు టైగర్స్ తరఫున ప్లేట్ వెనక కూర్చున్నది ఆ రోజర్సే. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు గానీ, ఏ పువ్వో చెప్పడం ఈ ఆటలో మహా మహా స్కౌట్లకే చేతకాదు.

రెండోవైపు నుంచీ చూడాలి. 2007 డిసెంబర్‌లో ఇదే టైగర్స్ ఫ్లోరిడా మార్లిన్స్‌కు ఆరుగుర్ని ఇచ్చింది. అందులో కామెరాన్ మేబిన్, ఆండ్రూ మిల్లర్ అప్పటికి దేశంలోనే పేరున్న కుర్రవాళ్లు. వాళ్లకు బదులుగా వచ్చినవాళ్లలో ఒకడు మిగెల్ కబ్రెరా. 2012లో మూడు బ్యాటింగ్ పట్టికల్లోనూ మొదటివాడిగా ట్రిపుల్ క్రౌన్, ఆ తర్వాత 500 హోమ్ రన్లు, 3,000 హిట్లు. ఆ రోజు "పిల్లల్ని ఇచ్చేశారే" అని బాధపడ్డవాళ్లు ఆ తర్వాత పదహారేళ్లు కబ్రెరాను చూస్తూ గడిపారు.

అందుకే నా కొలత ఒక్కటే. ట్రేడ్‌ను ఆ రోజు తెలిసినదాన్ని బట్టి, ఆ రోజు జట్టుకున్న అవసరాన్ని బట్టి తూచాలి. ఆ తర్వాత వచ్చే ఫలితం దేవుడిది. ఇదే కొలత పట్టుకుని 2024కి వస్తాను. ఆ జూలై 30న టైగర్స్ గెలుపోటముల్లో సగానికి కింద ఉంది. ఏడాది ఒప్పందం మీద ఉన్న పిచ్చర్ జాక్ ఫ్లాహెర్టీని లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు ఇచ్చి ఇద్దరు కుర్రవాళ్లను తెచ్చుకుంది. అదే సమయంలో పిచ్చర్ తారిక్ స్కూబల్‌ కోసం ఎంతమంది తలుపు తట్టినా ఇవ్వలేదు. రెండూ సరైనవే. పదకొండు రోజుల తర్వాత జట్టు 55 గెలిచి 63 ఓడి ఉంది, అక్టోబర్ చేరే అవకాశం వెయ్యికి రెండు అని లెక్కలవాళ్లు తేల్చారు. అక్కడి నుంచి 31 గెలిచి 13 ఓడి పదేళ్ల తర్వాత మొదటిసారి అక్టోబర్ ఆటలు ఆడింది. ఫ్లాహెర్టీకి బదులుగా వచ్చిన ట్రే స్వీనీ ఆ పరుగులో షార్ట్‌స్టాప్‌గా నిలబడ్డాడు. ఫ్లాహెర్టీ డాడ్జర్స్‌తో వరల్డ్ సిరీస్ గెలిచి, మరుసటి ఫిబ్రవరిలో డెట్రాయిట్‌కే తిరిగొచ్చాడు. ఇలాంటి ఏడాది జీవితంలో ఒక్కటి చూస్తే చాలు.

2025 జూలై 31కి వచ్చేసరికి నా తీర్పు మారుతుంది. టైగర్స్ డివిజన్‌లో మొదటి స్థానంలో ఉంది. జూలై మొదట్లో క్లీవ్‌లాండ్ పదిహేను ఆటలకు పైగా వెనక ఉండేది. కానీ నెల మధ్య నుంచి మన బ్యాట్లు మూగబోయి వరసగా ఓటములు వస్తున్నాయి. స్కూబల్ చేతిలో బంతి ఉన్నంతకాలం ఏ జట్టునైనా ఓడించగలం, అయితే ఒప్పందం ప్రకారం అతను ఉండేది 2026 దాకానే. 1984 తర్వాత డెట్రాయిట్‌కు టైటిల్ లేదు. 2006లో, 2012లో చివరిదాకా వెళ్లి ఓడిపోయింది. ఇవన్నీ ఆ రోజు తెలిసినవే. ఆ సాయంత్రానికి టైగర్స్ చార్లీ మార్టన్, కైల్ ఫినెగన్ లాంటి పిచ్చర్లను తెచ్చుకుంది, పెద్ద బ్యాటర్‌ని మాత్రం తేలేదు. కుర్రవాళ్లలో పేరున్న కెవిన్ మెక్‌గానిగల్‌నీ మాక్స్ క్లార్క్‌నీ కదిలించలేదు. సియాటిల్ వాళ్లు ఆరిజోనా నుంచి జాష్ నేలర్‌ని, యుహేనియో స్వారెస్‌ని ఇద్దర్నీ పట్టుకుపోయారు.

తర్వాత క్లీవ్‌లాండ్ మనల్ని దాటి డివిజన్ గెలుచుకుంది. వెనక ద్వారం నుంచి అక్టోబర్‌లోకి వెళ్లి క్లీవ్‌లాండ్‌ను ఓడించాం. తర్వాతి పోటీ సియాటిల్‌తో. అక్టోబర్ 10న అక్కడే చివరిదైన అయిదో ఆట. స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైకవుట్ చేశాడు. అయినా పదిహేను ఇన్నింగ్స్ ఆడి 3-2తో ఓడిపోయాం. పదిహేను ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు! ఆ రాత్రి మా అబ్బాయి సోఫాలోనే నిద్రపోయాడు, లేపి ఫలితం చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఓడిపోయారు కాబట్టి తప్పు అనడం లేదు. గెలిచినా ఇదే అనేవాణ్ని. దుక్కి సిద్ధంగా ఉన్న ఏడాది అది. మెక్‌గానిగల్‌ను ఇవ్వమని నేనూ అనను. అతని వెనకున్న వరసలోంచి ముగ్గుర్ని ఇచ్చయినా ఒక నికరమైన బ్యాటు తేవాల్సింది. కాంటన్ తమ్ముడు నాకన్నా ఒక అడుగు ముందుకెళ్లి క్లార్క్‌ను కూడా ఇచ్చెయ్యాల్సిందంటాడు. మా అబ్బాయి వరసలోంచి ఒక్కణ్ని కూడా ఒప్పుకోడు. ఈ మాట మీద మా ముగ్గురికీ ఇప్పటికీ పొసగలేదు.

ఇన్ని లెక్కలు చెప్పాను గానీ, ఈ మాటల్లో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాటేసి పోలేను. మనుషుల్ని తూచే మాటలివి. 2015 జూలై 29 రాత్రి న్యూయార్క్ సిటీ ఫీల్డ్‌లో మెట్స్ ఆట నడుస్తుంటే విల్మర్ ఫ్లోరెస్‌ను మిల్వాకీకి ఇచ్చేశారన్న వార్త వచ్చింది. జనం చేతుల్లో ఫోన్లున్నాయి, వాళ్లకు ముందే తెలిసిపోయింది. ఫ్లోరెస్ బ్యాటింగ్‌కు వస్తే వీడ్కోలు అనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అతనికి అలా తెలిసింది. పదహారేళ్లప్పుడు వెనిజువెలా నుంచి మెట్స్‌తో ఒప్పందం చేసుకున్న కుర్రవాడు. ఆ జట్టు తప్ప ఇంకో ఇల్లు తెలియదు. ఆ తర్వాత మైదానంలో నిలబడి చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటూ ఆడాడు. టీవీలో దేశమంతా చూసింది. చివరికి ఆ ట్రేడ్ జరగనే లేదు. రెండు రోజుల తర్వాత, జూలై 31న, పన్నెండో ఇన్నింగ్స్‌లో వాషింగ్టన్ మీద హోమ్ రన్ కొట్టి ఆట గెలిపించి, చొక్కా మీది జట్టు పేరును పిడికిట పట్టుకుని హోమ్ ప్లేట్ వైపు పరుగెత్తాడు. ఆ ఆటను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

అసలు తనను అడక్కుండా పంపడానికి వీల్లేదని నిలబడ్డ మనిషి కర్ట్ ఫ్లడ్. 1969లో సెయింట్ లూయిస్ అతన్ని ఫిలడెల్ఫియాకు ఇచ్చేస్తే వెళ్లనన్నాడు, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, కెరీర్ పోయింది. కానీ ఆ పోరాటం తర్వాతే పదేళ్ల సర్వీసు ఉండి, చివరి అయిదేళ్లు ఒకే జట్టులో ఆడినవాడికి ట్రేడ్‌ను కాదనే హక్కు వచ్చింది. ఆ హక్కు పెద్దవాళ్లకే. పంతొమ్మిదేళ్లవాడికి ఏ హక్కూ లేదు. ఫోన్ వస్తుంది, సంచి సర్దుకోవాలి. ఐపీఎల్‌లో 2023 నవంబర్‌లో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వచ్చినప్పుడు గోల గోలగా మాట్లాడుకున్నాం. అతను గుజరాత్ కెప్టెన్‌గా ఉండి వచ్చాడు, పేరున్నవాడిగా వచ్చాడు. పేరే లేని కుర్రవాడు ఊరు మారితే మాట్లాడేవాళ్లు ఉండరు.

ఆ కుర్రవాళ్లను దగ్గర్నుంచి చూడాలనే మేం కామ్‌స్టాక్ పార్కుకు వెళ్తుంటాం. గ్రాండ్ రాపిడ్స్‌కు ఆనుకుని ఉంటుంది. వెస్ట్ మిషిగన్ వైట్‌క్యాప్స్ అని టైగర్స్ కింద మూడో మెట్టు జట్టు. 2025 జూలైలో ఈరీకి వెళ్లే ముందు మెక్‌గానిగల్, క్లార్క్ ఇద్దరూ అక్కడే ఆడారు. మెక్‌గానిగల్ ఆటలో నాకు నచ్చేది బంతిని వదిలెయ్యడం. ఈ వయసులో కుర్రవాళ్లు వచ్చిన బంతినల్లా బాదాలని చూస్తారు. అతని లెక్కల్లో స్ట్రైకవుట్ల కన్నా ఊరికే వదిలేసి సంపాదించిన వాక్‌లే ఎక్కువ. జాబితాలో అది ఒక అంకె. స్టాండ్‌లో కూర్చుని చూస్తే ఒక స్వభావం.

కానీ నాకు ఆ రోజుల నుంచి బాగా గుర్తున్నది ఏ జాబితాలోనూ లేని మరో కుర్రవాడు. ఆటకు ముందు ప్రాక్టీసు అయిపోయి అందరూ లోపలికి వెళ్లాక అతనూ ఓ కోచ్ మిగిలారు. కోచ్ నేల బంతులు కొడుతున్నాడు, ఇతను ఎడమకు, కుడికి. మధ్యలో గ్లవ్ వేళ్ల మధ్య తోలు తాడు ఊడింది. మోకాలి మీద కూర్చుని, తాడు కొసను పళ్లతో పట్టి లాగి ముడేశాడు. గ్లవ్‌లో పిడికిలితో రెండు గుద్దులు గుద్ది, చూపుడు వేలితో "ఇంకొకటి" అన్నాడు. కోచ్ గడియారం చూసుకున్నాడు. ఇంకొకటి కొట్టాడు. ఆ తర్వాత ఇంకా చాలా కొట్టాడు. ఈ శ్రేణి కుర్రవాళ్లకు కొన్నేళ్ల క్రితం దాకా వారానికి కనీసం 500 డాలర్లు, అదీ సీజన్ ఉన్నన్ని రోజులే. 2022లో వాళ్లూ యూనియన్‌లో చేరాక, 2023 ఒప్పందంతో కొంత మెరుగైంది. ఇప్పటికీ బస్సు ప్రయాణాలే, ఒక్క గదిలో ఇద్దరే. పెద్ద ట్రేడ్‌లో చివర అతికించే మూడో పేరు, నాలుగో పేరు ఇలాంటివాళ్లే. జేక్ రోజర్స్ అలాంటి పేరే కదా.

ఆ రోజు తెలిసినదాన్ని బట్టే తూచాలన్నాను. తెలుసుకోవడమంటే జాబితా చదవడం ఒక్కటే కాదని కామ్‌స్టాక్ పార్కులో కూర్చున్నప్పుడు నాకు అనిపిస్తుంది. ఇంటికొస్తూ కారులో మా అబ్బాయి వాదించే తీరు వేరుగా ఉంటుంది. "వాడి స్కోరు 55" అనడు. "నాన్నా, వాడు ఇంకొకటి అడిగాడు చూశావా" అంటాడు. ఆ వాదన ముందు నేను చాలాసార్లు తగ్గాను.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. పెద్ద స్టేడియంలో నలుగురి కుటుంబానికి టికెట్లు కొనాలంటే జేబు చూసుకోవాలి, పిల్లలకు ఆటగాళ్లు చీమల్లా కనిపిస్తారు. మీ ఇంటికి దగ్గర్లోనే ఓ చిన్న లీగు మైదానం ఉండి ఉంటుంది. ఫ్రిస్కోలో ఉంటే రఫ్‌రైడర్స్ మీ ఊళ్లోనే ఆడతారు, రేంజర్స్ కుర్రవాళ్లు అక్కడే తయారవుతారు. ఎడిసన్ వాళ్లకు బ్రిడ్జ్‌వాటర్ ఎంతో దూరం కాదు, అక్కడ సోమర్‌సెట్ పేట్రియాట్స్‌లో ఉన్నది యాంకీస్ పిల్లలు. షుగర్‌ల్యాండ్‌లో స్పేస్ కౌబాయ్స్, అట్లాంటా వైపు గ్విన్నెట్, మోరిస్‌విల్ వాళ్లకు డర్హమ్. మా వైపువాళ్లకైతే డెట్రాయిట్ నుంచి గంట ప్రయాణంలో టొలీడో మడ్‌హెన్స్ ఉన్నారు. తక్కువ డబ్బుకే ముందు వరసలో చోటు దొరుకుతుంది. పిల్లల్ని తీసుకుని కొంచెం ముందుగా, ప్రాక్టీసు సమయానికి వెళ్లండి. జూలై నెలాఖరు లోపే వెళ్లండి. ఆ తర్వాత ఆ కుర్రవాడు ఇంకో ఊళ్లో, ఇంకో జట్టు చొక్కాలో ఉండొచ్చు.